ట్రయల్ చెట్టు

జోజిబాబుకి యాభై రెండేళ్ళు. అందులో ముప్ఫై ఏళ్ళు నేల మీద కంటే చెట్టు మీదే ఎక్కువున్నాడని వాళ్ళావిడ ఇన్నమ్మ అంటుంది. నూజివీడు నుంచి చాట్రాయి వెళ్ళే దారిలో ముదురు మామిడి తోట ఏది చూసినా, ఎప్పుడో ఒకప్పుడు ఆయన చెయ్యి పడిందే. కాపు తగ్గిన చెట్టుకి పైకొమ్మలు కోసేసి, మొండెం మీద మళ్ళీ కొత్త చిగురు రప్పించడం ఆయన పని. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కోసేవాడికి పని రాకపోతే మాత్రం చెట్టు చిగురు వెయ్యదు, కట్టెల అడితికి పోతుంది.

ఇదివరకు ఈ పనికి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి నలుగురే ఉండేవాళ్ళు. నలుగురికీ ఒకరంటే ఒకరికి పడేది కాదు, ఆ ఒక్కటే ఇబ్బంది. తర్వాత్తర్వాత ఫోన్లో నొక్కితే కోత మిషన్ ఇంటి ముందుకొచ్చి వాలడం మొదలైంది, అదీ వాయిదాల మీద. ఇప్పుడు జోజిబాబు ఊళ్ళో రెండొందల గడప ఉంటే పంతొమ్మిది మిషన్లున్నాయి. ఫొటో స్టూడియో ఆయన ఒకటి కొన్నాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు ఒకటి కొన్నాడు. బీఈడీ చదివి పిల్లలకి లెక్కలు చెప్పే ట్యూషన్ మాస్టారు కూడా ఒకటి కొన్నాడు. కరెంటు స్తంభాలన్నిటి మీదా 'చెట్లు కొట్టబడును' అని ఫోన్ నంబర్లే. స్తంభాలు చాలక చెట్ల మీదే రాసుకున్నారు. ఒకడి నంబరున్న చెట్టుని ఇంకొకడు కొట్టేవాడు, అదో తృప్తి.

మరి ఇంతమంది అయ్యాక ఏమవుతుంది? మొదట్లో కోసినవాళ్ళకి కూలీ ఇచ్చి, కట్టె కూడా ఇచ్చేవారు. తర్వాత కట్టె ఒక్కటే ఇచ్చారు. పోయినేడు నుంచి కొన్ని తోటల్లో కట్టె కూడా తోటవాళ్ళే ఉంచుకుని, కోసినవాళ్ళకి మజ్జిగ ఇస్తున్నారు. మజ్జిగ మంచిదే, నేను కాదనను. ఎండాకాలం ఒంటికి చలవ.

జోజిబాబు మజ్జిగ పనికి వెళ్ళలేదు. వెళ్ళనని ఎవరితోనూ చెప్పలేదు కూడా, ఊరికే ఇంట్లో కూర్చున్నాడు. పొద్దున్నే అరుగు మీదకి మిషన్ తెచ్చుకోవడం, గొలుసు పళ్ళకి ఆకురాయి పట్టడం, మళ్ళీ లోపల పెట్టెయ్యడం. వాడని మిషన్‌కి అంత పదునెందుకని ఎవరైనా అడిగితే నవ్వేవాడు. కొన్నాళ్ళకి ఆ నవ్వు కూడా మానేశాడు. ఇన్నమ్మ బళ్ళో మధ్యాహ్న భోజనం వండి మూడింటికి ఇంటికొచ్చేసరికి, మనిషి వదిలి వెళ్ళినచోటే ఉండేవాడు. కూరేం చెయ్యమంటావంటే తలూపేవాడు. ఏ కూరకి తలూపాడో ఆవిడకి తెలిసేది కాదు.

ఏడాది చూసింది ఇన్నమ్మ. చూసి చూసి, హనుమాన్ జంక్షన్‌లో ఒక గోడౌన్‌కి సూపర్‌వైజరుగా ఉన్న వాళ్ళన్నయ్య రాయప్పకి ఫోన్ చేసి, అక్కడ వాచ్‌మన్ పనికి మొగుడి పేరు చెప్పింది.

"సోమవారం ఎనిమిదింటికల్లా రమ్మన్నాడు మా అన్నయ్య. వాచ్‌మన్ అంటే చిన్నతనమేం కాదు. గేటు దగ్గర నలుగురూ వస్తారు పోతారు, నోరు తెరిచి పలకరించాలి కదా. ఇక్కడుంటే నువ్వు మాటలే మర్చిపోతావు."

జోజిబాబు ఆకురాయి పక్కన పెట్టాడు. "శనివారం లక్ష్మీనరసింహారావు గారి తోటలో ట్రయల్ ఉంది. ముప్ఫై ఎనిమిది చెట్లు. ఆ తోట నాకొస్తే నెల్రోజులు పని. కూలీ, కట్టె, రెండూ ఇస్తారంట."

"రాకపోతే?"

"రాకపోతే సోమవారం వెళ్తాను."

"మాట మీదుండాలి మరి," అంది ఇన్నమ్మ.

లక్ష్మీనరసింహారావు గారు నూజివీడులో మామిడికాయల వ్యాపారి. చాలా మంచాయన. ఆ మంచితనం ఎంతదాకా వెళ్ళిందంటే ఆయన నోటికి 'వద్దు' అనే మాట రాదు. ఎవరేం అడిగినా 'చూద్దాం' అంటారు. ఆ చూద్దాంతోనే నలభై ఏళ్ళు వ్యాపారం చేశారు. ఆయన తోటలో చెట్లు ముదిరిపోయాయి, అన్నిటికీ పైకొమ్మలు తీయించాలి. ఇంతమంది కోసేవాళ్ళలో ఎవరికివ్వాలో తెలియక, ముగ్గుర్ని పిలిచి తలా ఒక చెట్టు కోయించి, ఎవరి పని నచ్చితే వాళ్ళకి తోటంతా ఇద్దామనుకున్నారు. ఆలోచనలో తప్పేం లేదు.

శనివారం పొద్దున్న ఏడింటికి జోజిబాబు తోట దగ్గరికి వెళ్ళేసరికి గేటు ముందు తిరునాళ్ళలా ఉంది. ముగ్గురికి చెప్పిన కబురు ముప్ఫై ఊళ్ళకి పాకింది. లక్ష్మీనరసింహారావు గారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని, హైదరాబాదు వెళ్ళిన లారీ గురించి మాట్లాడుతున్నారు. ఒక్కొక్కరూ వచ్చి, "అయ్యా, నాకూ ఒక చెట్టు ట్రయల్ ఇప్పించండి," అంటారు. ఆయన ఫోన్ తియ్యకుండానే ఒక చెట్టు వైపు చెయ్యి చూపిస్తారు.

జోజిబాబు లైన్లో ముందే ఉన్నాడు. అయితే నోట్లో నాలుక లేని మనిషి కదా, ఎవడొచ్చి భుజం పక్కనుంచి దూరినా జరిగి చోటిచ్చాడు. అలా జరిగి జరిగి చివరికొచ్చాడు. ఆయనకి ముందు మార్టిన్ ఉన్నాడు. ఈ మార్టిన్ ఒకప్పుడు ఏడేళ్ళు జోజిబాబు దగ్గరే కింద నిలబడి కొమ్మలు దించే మోకు పట్టాడు. ఇప్పుడు ముప్ఫై దాటాయి, మనిషికి సొంత మిషన్ ఉంది, అది జోజిబాబు మిషన్ కంటే మూరెడు పొడుగు.

"నువ్వెందుకొచ్చావు బాబాయ్, ఎండలో," అన్నాడు మార్టిన్ ప్రేమగానే. "వయసైపోయిందిగా."

జోజిబాబు తలూపాడు.

చివరి చెట్టు ఆయనకొచ్చింది. సరిహద్దు కంచె పక్కన ఒరిగి ఉన్న చిన్నరసం చెట్టు. ఆయన తర్వాత ఇంకో ముగ్గురొచ్చారు గానీ చెట్లు అయిపోయాయి. వాళ్ళు ఆలస్యంగా లేచినందుకు తమని తాము తిట్టుకుంటూ వెళ్ళిపోయారు.

చెట్టు కొయ్యడానికి జోజిబాబుకి ఒక పద్ధతుంది. ముందు కొమ్మకి కింద వైపు నుంచి ఒక గాటు పెడతాడు, ఆ తర్వాతే పైనుంచి కోస్తాడు. లేకపోతే కొమ్మ బరువుకి విరిగి, పోతూ పోతూ మొండెం దాకా బెరడు ఊడదీసుకుని పోతుంది. వాన నీళ్ళు నిలవకుండా కోత ఏటవాలుగా ఉండాలి. దానికి మైలుతుత్తం, సున్నం కలిపిన నీలం ముద్ద పట్టించాలి. ఒక్క పచ్చ కొమ్మ మాత్రం ముట్టుకోకుండా వదిలెయ్యాలి, కొత్త చిగురు వచ్చేదాకా చెట్టు దాంతోనే బతకాలి. ఇదంతా చెయ్యడానికి ఒక పూట పడుతుంది. మిగతావాళ్ళకి ముప్పావుగంట పట్టింది. పన్నెండింటికల్లా తోటలో మిషన్లన్నీ ఆగిపోయాయి. ఎవరి చెట్టు ముందు వాళ్ళు సెల్ఫీ దిగి, పక్కవాడి చెట్టుని ఓరకంట చూసి, పెదవి విరిచి ఇళ్ళకి వెళ్ళారు.

నాలుగింటికి జోజిబాబు ఆఖరి కొమ్మ కోస్తూ తలెత్తి చూశాడు. ఏదో తేడాగా అనిపించింది. తోటలో అంత ఆకాశం ఉండకూడదు. ముప్ఫై ఏళ్ళుగా చెట్ల మీద నుంచి చూస్తున్నాడు, పక్కన ఎప్పుడూ ఆకులే కనిపించేవి. ఇప్పుడు చాట్రాయి రోడ్డు మీద పోయే బస్సు కనిపిస్తోంది. బస్సు వెనకాల రాసిన అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి. గట్టిగా కొమ్మ పట్టుకుని లెక్కపెట్టాడు. ముప్ఫై ఏడు మొండేలు. తను కూర్చున్నదొకటి.

ఇంక ట్రయల్ దేనికి?

ముప్ఫై ఏడు మందికి ఈ సంగతి తట్టలేదంటే నమ్మబుద్ధి కాదు. అయితే ప్రతివాడూ తన చెట్టు చూసుకున్నాడు, పక్కవాడి చెట్టుకి వంక పెట్టుకున్నాడు. తోటని చూసే తీరిక ఎవడికుంది? జోజిబాబు మిషన్ ఆపి కాసేపు అలాగే కూర్చున్నాడు. ఈ ఆఖరి కొమ్మ వదిలేసి దిగిపోదామా అని ఒక ఆలోచన వచ్చింది. సగం కోసిన చెట్టు రోడ్డు మీది జనానికి కనిపిస్తుంది, జోజిబాబు చేతకాక దిగిపోయాడంటారు. కింద గాటు పెట్టి, పైనుంచి కోసి, నీలం ముద్ద పట్టించి దిగాడు. అప్పటికి లక్ష్మీనరసింహారావు గారు భోజనానికి వెళ్ళి పడుకున్నారు. రిజల్టు రేపు పదకొండింటికని గేటుకి కాగితం అంటించి ఉంది.

ఇంటికెళ్ళి ఈ సంగతి ఇన్నమ్మకి చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఎలా జరిగింది?" అనడిగింది ఇన్నమ్మ. తలూపాడు.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక గుళ్ళోంచి తిన్నగా వచ్చినవాళ్ళతో తోట తెల్లచొక్కాలమయం అయింది. గుడికి వెళ్ళని మాస్టారు లాంటివాళ్ళు కూడా ఇస్త్రీ బట్టలే కట్టుకొచ్చారు. తోట వస్తే అప్పుడే మొదలుపెట్టొచ్చని మిషన్లు మాత్రం అందరూ బండి మీద తెచ్చుకున్నారు. లక్ష్మీనరసింహారావు గారు గొడుగు పట్టుకుని ప్రతి చెట్టు దగ్గరా ఆగి, అటు తిరిగి ఇటు తిరిగి చూశారు. అన్నీ అయ్యాక కంచె దగ్గరున్న చిన్నరసం ముందు నిలబడి చాలాసేపు చూశారు.

"ఈ చెట్టు ఎవరిది?"

"నాదండీ," అన్నాడు జోజిబాబు.

"ఇదే బాగుంది. తోట నీకే జోజీ."

అందరూ చప్పట్లు కొట్టారు. కొందరు కావాలని మెల్లగా కొట్టారు. మార్టిన్ వచ్చి కౌగిలించుకుని, "బాబాయ్, పార్టీ ఎప్పుడు?" అన్నాడు. జోజిబాబు ఆ కౌగిలిలోంచే, లక్ష్మీనరసింహారావు గారి వైపు చూసి అడిగాడు.

"మరి ఏ చెట్లు కొట్టాలండీ?"

లక్ష్మీనరసింహారావు గారు వెనక్కి తిరిగారు. అందరూ వెనక్కి తిరిగారు. ఎదురుగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, మొండేలు. ఒక గోరింక వాలడానికి చోటు కోసం రెండు చుట్లు తిరిగి, పక్క తోటలోకి పోయింది.

"అయ్యయ్యో," అన్నారు లక్ష్మీనరసింహారావు గారు. ఆయన మొహంలో నటన లేదు, నిజంగానే నొచ్చుకున్నారు. "ముగ్గురికే ఇద్దామనుకున్నానయ్యా. మీరంతా వచ్చి అడిగారు. వద్దంటే ఏమనుకుంటారోనని…"

నిన్నటి నుంచి లోపల తిరుగుతున్నదేదో జోజిబాబు గొంతులోకి వచ్చింది. ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు, మాట్లాడటం మొదలుపెట్టాడు.

"అయ్యా, ఇటొకసారి రండి. ఈ బెరడు చూడండి, కింద గాటు పెట్టలేదు, మొండెం దాకా చీరేశారు. ఇది చూడండి, బల్లలా కోశారు. నాలుగు వానలు పడితే దీని మీద నీళ్ళు నిలిచి లోపలికి కుళ్ళు దిగుతుంది. దీనికి ఒక్క ఆకు కూడా వదల్లేదు, ఏం పెట్టుకుని బతుకుతుంది? వాన పడకముందే అన్నిటికీ జానెడు కిందకి మళ్ళీ ఏటవాలుగా కొయ్యాలి, మందు పట్టించాలి. ఆకు వదలనివాటికి మొండెం ఎండకుండా గడ్డి కప్పాలి. లేకపోతే సగం చెట్లు మీకు దక్కవు."

"అంత పనుందా?"

"పదిహేను రోజుల పనండీ."

"అయితే నువ్వే చెయ్. కూలీ ఇస్తాను. ఊరికే వద్దు."

జోజిబాబుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషంతోనే. పదిహేను రోజులు, కూలీతో, తన పద్ధతిలో. రేపు జంక్షన్ వెళ్ళక్కర్లేదు. ఆ సంతోషం ఎంతసేపుందో నేను చెప్పగలను, మార్టిన్ గొంతు సవరించుకునేంతసేపు.

"అయ్యా," అన్నాడు మార్టిన్, "నా చెట్టు నేనే సరిచేసి ఇస్తాను. నాకు ఒక్క రూపాయి వద్దు. నా పేరు పోతుంది."

"నాది కూడా," అన్నాడు ఫొటో స్టూడియో ఆయన.

"నేనూ ఫ్రీగానే," అన్నాడు మాస్టారు.

ముప్ఫై ఏడు చేతులు లేచాయి. అందరికీ కావలసింది ఒకటే పని, ఇవ్వడానికి అందరి దగ్గరా ఉన్నదీ ఒకటే, ఊరికే చెయ్యడం. లక్ష్మీనరసింహారావు గారు జోజిబాబు వైపు జాలిగా చూశారు. తర్వాత లేచిన చేతుల వైపు చూశారు.

"మరి వాళ్ళు అంతగా అడుగుతుంటే… చూద్దాం," అన్నారు.

జోజిబాబు బండి దగ్గరికి నడిచాడు. కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో తేలలేదు, అదే చిక్కు. మార్టిన్ మీద అనుకుంటే వాడికీ వాయిదాలున్నాయి. రావు గారి మీద అనుకుంటే ఆయన కూలీ ఇస్తాననే అన్నారు. తాళం పెట్టి తిప్పుతుంటే వెనకాల మార్టిన్ మిషన్ మోగింది. పైనుంచి, తిన్నగా, కింద గాటు లేకుండా. తర్వాత చర్రున బెరడు చిరిగిన చప్పుడు.

ఆ చప్పుడు జోజిబాబు వినలేడు. సొంత చర్మం ఒలిచినట్టే ఉంటుంది ఆయనకి.

"ఆపరా!" అని అరిచాడు. తోటంతా ఆగిపోయింది. జోజిబాబు అరవగలడని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. "ఆపరా సన్నాసీ! ఏడేళ్ళు కింద నిలబడి ఏం చూశావురా? మోకు చూశావా, మొహం చూశావా? దిగు!"

మార్టిన్ దిగాడు. తెల్లచొక్కాతోనే జోజిబాబు చెట్టెక్కి, కింద గాటు ఎంత లోతు పెట్టాలో, పై కోత ఎంత ఎడంగా పెట్టాలో చేసి చూపించాడు. పక్క చెట్టాయన, "అన్నా, నాది కూడా కాస్త చూస్తావా?" అన్నాడు. చూశాడు. ఆ పక్కాయన పిలిచాడు. వెళ్ళాడు. మాస్టారు చెప్పిందంతా ఫోన్లో రాసుకుని, "ఏటవాలు అంటే సుమారు ఎన్ని డిగ్రీలండీ?" అనడిగాడు. "నీళ్ళు జారినన్ని," అన్నాడు జోజిబాబు. ఆదివారం పని చెయ్యకూడదని ఫాదరు గారు అన్న మాట నిజమే. అయితే ఎవరికీ పైసా రాలేదు కాబట్టి దీన్ని పని కింద లెక్కవెయ్యక్కర్లేదని వాళ్ళలో వాళ్ళే తీర్మానించుకున్నారు.

అయిదున్నరకల్లా తోటలో మొండేలన్నీ నీలం టోపీలు పెట్టుకున్నట్టు తయారయ్యాయి. అందరూ జోజిబాబుకి దణ్ణం పెట్టి, చెయ్యి కలిపి, బండ్లెక్కి వెళ్ళిపోయారు. అప్పుడు గానీ ఆయనకి తట్టలేదు తనేం చేశాడో. ముప్ఫై ఏళ్ళలో తన దగ్గరుండి పక్కవాడి దగ్గర లేనిది ఆ ఒక్క పద్ధతే. మిషన్ అందరికీ ఉంది, ఫోన్ నంబరు అందరికీ ఉంది. ఉదయం దాకా కింద గాటు తనొక్కడికే తెలుసు. ఇప్పుడు ముప్ఫై ఎనిమిది మందికి తెలుసు. ఇంత తెలివితక్కువ పని ఇంకెవడైనా చేస్తాడా అనుకుని, బండి తోసుకుంటూ గేటు దాకా నడిచాడు. బాధగానే ఉంది. ఆకలి కూడా వేస్తోంది.

ఇంటికెళ్ళేసరికి ఇన్నమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"చొక్కా ఏంటయ్యా అలా అయింది? రేపటికి అదే కదా మంచిది. ఇంతకీ తోట వచ్చిందా?"

"వచ్చింది," అన్నాడు జోజిబాబు. "పోయింది కూడా."

తలూపి ఊరుకుంటాడేమోననుకుంది. ఊరుకోలేదు. అరుగు మీద చతికిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. ఆకాశం ఎక్కువ కనిపించడం దగ్గర్నుంచి చెప్పాడు. లక్ష్మీనరసింహారావు గారు వెనక్కి తిరిగినప్పుడు ఆయన గొడుగు ఎలా వంగిపోయిందో లేచి నిలబడి చూపించాడు. ముప్ఫై ఏడు చేతులు ఎలా లేచాయో చూపించాడు. మాస్టారు డిగ్రీలడిగాడని చెప్పి తనే నవ్వాడు. ఫొటో స్టూడియో ఆయన చెయ్యి మంచిదని, నేర్పితే బాగా వస్తుందని అన్నాడు. ఇన్నమ్మ చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని అలాగే వింటోంది. ఏడాది తర్వాత ఆ గొంతు అంతసేపు వినడం ఆవిడకి.

"అంటే పైసా రాలేదు. ఉన్న విద్య కూడా పంచిపెట్టి వచ్చావు."

"అంతే."

"అందరి చెట్లూ సరిగ్గా వచ్చాయా?"

"ఒక్క మార్టిన్‌ది తప్ప. వాడు చీరిన చీరుడు మొండెం మధ్య దాకా దిగింది. దాన్ని కొయ్యడానికి లేదు. జిగురు ఆరాక, బంకమట్టి మెత్తి, గోనె చుట్టి, తాడుతో బిగించి కట్టాలి. ఇవాళ కుదర్లేదు, ఇంకా తడిగా ఉంది. పొద్దున్నే కడితే బతుకుతుంది. వానపడితే ఇంక బతకదు."

"మార్టిన్‌కి చెప్పావా?"

"చెప్పాను. వాడికి కట్టడం రాదు. అది నేనే…" అని ఆగాడు. రేపు సోమవారమని అప్పుడు గుర్తొచ్చింది. మొహం మళ్ళీ వెనకటిలా అయిపోవడం ఇన్నమ్మ చూసింది. "పోన్లే," అన్నాడు. "మాటిచ్చాను కదా. ఎనిమిదింటికి వెళ్తాను."

ఇన్నమ్మ చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి, చేతులు చీర చెంగుకి తుడుచుకుని, ఫోన్ తీసి వాళ్ళన్నయ్యకి చేసింది.

"అన్నయ్యా, రేపు ఆయన రాడు. పనుంది."

అవతల రాయప్ప ఏదో అడిగాడు.

"చెట్టు పని. ఎంతిస్తారని అడక్కు."

రాయప్ప ఇంకేదో అన్నాడు, కొంచెం గట్టిగానే అన్నట్టున్నాడు.

"ఎల్లుండి కూడా రాడన్నయ్యా. వేరేవాళ్ళని చూసుకోండి," అని పెట్టేసింది.

జోజిబాబు ఆవిడ వైపే చూస్తున్నాడు. తలూపబోయాడు.

"తల కాదు, నోటితో చెప్పు," అంది ఇన్నమ్మ. "చిక్కుడుకాయ వేపుడు చెయ్యనా, కూర చెయ్యనా?"

"వేపుడు," అన్నాడు జోజిబాబు.